నల్లా ఇప్పి కక్కుతున్నది, ఏం చెయ్యాలె?

ప్రశ్న: అక్కా, హన్మకొండల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. నా రూమ్మేట్ ఆర్నెల్ల సంది తినంగనే బాత్రూంకు పోయి నల్లా ఫుల్లు ఇప్పుతది, కక్కే సప్పుడు ఇనపడొద్దని. మొన్న మా అమ్మ పంపిన డబ్బెడు సకినాలు ఒక్క రాత్రిల తిన్నది, తెల్లారి ఒకటే ఏడ్సుడు. మనిషైతే సన్నగ లేదు, మంచిగనే ఉంటది, నేనే ఎక్కువ ఆలోచిస్తున్ననా? వాళ్లమ్మకు చెప్తే నాతోని మాట్లాడదేమో.

జవాబు: ఎక్కువేం ఆలోచిస్తలేవు చెల్లె. మస్తు తినుడు, తర్వాత కక్కుకునుడు, ఇదే పనిగ నడుస్తే దాన్ని బులీమియా అంటరు, ఇందుల చానమంది బరువు మామూలుగనే ఉంటది, గందుకే ఇంట్లోళ్లకు ఏండ్లకేండ్లు తెల్వది. ఆమెకు అదే ఉన్నదని నువ్వూ నేనూ అనలేం, డాక్టరే చెప్పాలె. కానీ మాటిమాటికి కక్కితే ఒంట్ల పొటాషియం పడిపోయి గుండె కొట్టుకునుడు తేడా వస్తది, పండ్ల మీద ఎనామిల్ పోతది. కక్కినంక వెంటనే బ్రష్ చేస్తే ఇంకింత అరుగుతది, ఉత్త నీళ్లతోని పుక్కిలించాలె.

సకినాల ముచ్చట ఎత్తకు, పోతే పోయినయ్. కంచం ముందట అస్సలు మాట్లాడకు, బాత్రూం తలుపు కాడ కాపలా ఉండకు. రాత్రి లైటు బంద్ చేసినంక, "తిన్నంక నీకు కష్టమైతున్నట్టుంది, నాకు బుగులైతుంది" అను, చాలు. అట్లేం లేదంటది, కోపానికొస్తది, రానియ్యి, నాలుగు రోజులాగి మళ్ల అడుగు. బక్కగైనవ్, మంచిగైనవ్, రెండూ వద్దు (మన దిక్కు పెండ్లిల పలకరింపే గది, ఏం చేస్తం).

సైకియాట్రిస్ట్ అంటే బెదురుతదేమో, అట్లయితే రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకుందాం పా అని ముందుగాల మామూలు డాక్టర్ దగ్గరికే తీస్కపో, కానీ కక్కుతున్న సంగతి అక్కడ చెప్పాలె, లేకుంటే గ్యాస్ గోళీ రాసిచ్చి పంపుతరు. తర్వాత వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల సైకియాట్రీ ఓపీ ఉండనే ఉన్నది. మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్, 14416కు నువ్వు కూడ ఫోన్ చెయ్యొచ్చు, ఫ్రీ, రాత్రి పగలు తెలుగులనే మాట్లాడతరు.

వాళ్లమ్మకు నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా అని ముందు ఆమెనే అడుగు. కండ్లు తిరిగి పడ్డా, గుండె దడ వచ్చినా, కక్కుల నెత్తురు కనపడ్డా, సచ్చిపోత అన్నా మాత్రం ఇగ అడుగుడు లేదు, అప్పటికప్పుడు దవాఖాన, వాళ్లమ్మకు ఫోన్. గందుకే ఎవ్వరికీ చెప్పనని ఇప్పుడే ఒట్టు పెట్టకు.