హేగ్ కోర్టు కన్నా ముందు రుయా చీటీ

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఎర్రచందనం దుంగలు మోశాడన్న అనుమానంతో పోయిన వారం మా తమ్ముణ్ణి స్టేషన్‌లో రెండు రాత్రులు ఉంచి, ఒప్పుకోమని కొట్టారు. కేసు కట్టకుండానే పంపేశారు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుణ్ణే హేగ్ కోర్టుకు పట్టుకెళ్లారు కదా, మేమూ అక్కడ కేసు వేయవచ్చా సార్?

జవాబు: కుదరదండీ. డుటెర్టేని 2025లో అరెస్టు చేసింది, ఆయన దేశం హేగ్‌లోని ఆ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్యురాలిగా ఉన్నప్పుడు, అంటే 2019 మార్చికి ముందు జరిగిన హత్యల మీద. ఆ కోర్టును ఏర్పాటు చేసిన రోమ్ ఒప్పందంలో మన దేశం చేరనే లేదు. చేరినా, ఆ కోర్టు చూసేది జాతి నిర్మూలన, యుద్ధ నేరాల వంటివి. హేగ్‌లోనే ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య తగాదాలే వింటుంది. చిత్రహింసల నిషేధ ఒప్పందం మీద మనవాళ్లు 1997లో సంతకం పెట్టి, ఆమోదించకుండా నాన్చుతున్నారు. ఈ నాన్చుడుకు కారణమేంటో నాకైతే కనబడదు. చిత్రహింసల విషయం చూసే ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధికి ఉత్తరం రాయవచ్చు. వాళ్లు ప్రభుత్వాన్ని వివరణ అడగగలరు, పరిహారం ఇప్పించలేరు.

తమ్ముణ్ణి తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఎం.ఎల్.సి. (గాయాలను పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టరు నమోదు చేసే చీటీ) రాయించారా? ఇంట్లో పసుపు రాసి ఊరుకుని ఉంటే ఇవాళే వెళ్లండి. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే భయపడి 'కింద పడ్డాడు' అనకండి. చాలా కేసులు ఆ ఒక్క మాటతోనే పోతాయి. కమిలిన మచ్చలు మాయం కాకముందే తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి.

ఎవరినైనా పట్టుకెళితే 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతోంది. రెండు రాత్రులు ఉంచారంటే అదే అక్రమ నిర్బంధం. స్టేషన్ సీసీ కెమెరాల ఫుటేజీ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ఆ రెండు రోజుల ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాసి రసీదు దాచుకోండి. తర్వాత 'చెరిగిపోయింది' అంటే ఆ రసీదే పనికొస్తుంది.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. తెలుగులోనే రాయవచ్చు, ఫీజు లేదు. రాష్ట్ర కమిషన్‌లో పెండింగ్‌లో ఉన్నదాన్ని వాళ్లు తీసుకోరు కాబట్టి రెండు చోట్లా వేయకండి. పరిహారానికి హైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కుల కోసం వేసే పిటిషన్) వేయవచ్చు. కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఒడిశా తల్లికి సుప్రీంకోర్టు 1993లోనే లక్షన్నర ఇప్పించింది. ఒప్పించడానికి కొట్టడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల వరకు శిక్ష. దీనికి నేరుగా మేజిస్ట్రేటు దగ్గరే ఫిర్యాదు (ప్రైవేటు కంప్లయింట్) వేయవచ్చు. లాయరు ఫీజు భారమైతే న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఈలోపు స్టేషన్ నుంచి ఎవరైనా రాజీకి వచ్చి తెల్లకాగితం మీద సంతకం అడిగితే, మీరూ తమ్ముడూ పెట్టవద్దు.