కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టు

చిరంజీవి అనూషకు పెద్దమ్మ దీవించి రాయునది.

ఈ సెలవుల్లో మీ అపార్ట్‌మెంట్ పిల్లలు ఆరుగురిని సాయంత్రం రెండు గంటలు ఆడిస్తానని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. నాలుగేళ్ళ పిల్ల దగ్గర్నుంచి పదకొండేళ్ళ పిల్లాడి దాకా ఉన్నారట. ఆటలు ఎన్నయినా దొరుకుతాయి గానీ, అసలు కష్టం ఆ వయసుల తేడాలోనే ఉంది. అందుకని ఒక్క కొలత గుర్తుపెట్టుకో. ఆట మధ్యలో ఎప్పుడు తలెత్తి చూసినా ఎంతమంది ఖాళీగా కూర్చున్నారో లెక్కపెట్టు. ఇద్దరు కనిపించారంటే ఆట మార్చాల్సిందే.

మన ఆటల్లో చాలావాటికి 'అవుటైతే పక్కన కూర్చో' అనే పద్ధతుంది. ముందుగా అవుటయ్యేది ఎప్పుడూ చిన్నవాళ్ళే. కూర్చున్న పిల్ల అయిదు నిమిషాలకు మట్టి తింటుంది, పదో నిమిషానికి లిఫ్టు బటన్లు నొక్కుతుంది. నీ దగ్గర అవుటంటే కూర్చోవడం కాదని మొదటిరోజే చెప్పెయ్యి. అవుటైనవాళ్ళు గోడ ముట్టుకొచ్చి, పది గంతులు వేసి మళ్ళీ ఆటలో కలవాలి. అయిదేళ్ళు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా రొప్పేంత కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెలవుల్లో ఆ గంట నీ చేతిలోనే ఉంది తల్లీ.

పిల్లలకన్నా పది నిమిషాలు ముందు దిగు. సంపు మూత సరిగ్గా కూర్చుందా, కదులుతోందా అని చేత్తో కదిపి చూడు. గాజుపెంకులు, మేకులు, గోడలోంచి పొడుచుకొచ్చిన ఊచలు చూసుకో. మేలో అయిదింటికి కూడా సిమెంటు నేల, జారుడుబల్ల కాలుతూనే ఉంటాయి. అరచేతి వెనకవైపు ఆనించి అయిదు లెక్కపెట్టు, నీ చెయ్యి ఓర్చుకోలేకపోతే వాళ్ళ కాళ్ళు కూడా ఓర్చుకోలేవు. కార్లు తిరిగే చోటికి ఇవతలే సుద్దముక్కతో గీత గీసి, అందరినీ ఆ గీత వెంట ఒక చుట్టు నడిపించు. నోటితో చెప్పిన హద్దు పరుగులో గుర్తుండదు, కాళ్ళతో నడిచిన హద్దు ఉంటుంది. నువ్వు నిలబడాల్సింది పిల్లలకూ గేటుకూ మధ్యన.

హవాయి చెప్పులతో పరుగెత్తనివ్వకు. వాటితో తట్టుకుని పడతారు. బూట్లో, పట్టీ చెప్పులో వేయించు. మెత్తటి మట్టి అయితే ఉత్త కాళ్ళే మేలు. చున్నీలు, పొడుగు గౌన్లు నడుముకు ముడి వెయ్యి.

దొంగ ఎవరో నువ్వు చెప్పకు, పంటలు వేయించు. ముగ్గురు ముగ్గురు చేతులు కలిపి ఊపి ఒక్కసారి చూపిస్తారు. ఇద్దరివి బోర్లా, ఒకరిది వెల్లకిలా ఉంటే ఆ ఒక్కరూ పండినట్టు, అంటే దొంగ కానట్టు. చివరికి ఇద్దరు మిగిలితే ముందే పండిన ఒకరు సాయం చెయ్యి వేస్తారు. అంతా కలిపి రెండు నిమిషాల పని, కానీ 'నన్నే ఎందుకు దొంగను చేశావ్' అనే ఏడుపు ఇక రాదు.

చిన్నదాన్ని ఎలాగూ అరటిపండు అంటారు. నాలుగేళ్ళప్పుడు అది సంతోషంగానే ఉంటుంది. అయిదు దాటాక తనను లెక్కలోకి తీసుకోవడం లేదని తెలిసిపోతుంది, ఇక ఆ రోజు ఆటంతా మొహం ముడుచుకునే ఉంటుంది. అరటిపండుగా వదిలెయ్యకుండా సగం పండుగా చెయ్యి. దాన్ని మూడుసార్లు ముట్టుకుంటేనే దొంగ. దొంగైతే పెద్దవాడొకడు చెయ్యి పట్టుకుని తోడు పరుగెత్తాలి.

మొదటి వారం నేలాబండతో మొదలుపెట్టు. నేలా బండా అని దొంగ అడుగుతాడు, పిల్లలు నేల కోరుకుంటే దొంగది బండ. బండమీద కాలు పెట్టినవాళ్ళని పట్టుకోవాలి. పట్టుబడ్డవాళ్ళే దొంగ గనక ఎవరూ కూర్చోరు. బండగా మెట్లలో కింది రెండే వాడు, లేదా అడుగు ఎత్తు దాటని చెట్టు గట్టు. పెద్దవాళ్ళు దూకేటప్పుడు చిన్నది సరిగ్గా కింద నిలబడి ఉంటుంది, దెబ్బలు తగిలేది అక్కడే. ఎక్కడం ఒకవైపు, దూకడం ఇంకోవైపు అని పెట్టు. కుంటాట కూడా ఈ గుంపుకు బాగా నప్పుతుంది. పదిహేను అడుగుల చదరం గీసి, దొంగను కుంటుతూ పట్టుకోమను. పదకొండేళ్ళవాడు కుంటుతుంటే ఆరేళ్ళ పిల్ల తప్పించుకోగలదు. పది గెంతులకోసారి కాలు మార్చుకోనివ్వు, లేకపోతే పిక్కలు పట్టేస్తాయి.

ఏడు పెంకులాటను మాత్రం కాస్త శ్రద్ధగా సిద్ధం చెయ్యాలి. టెన్నిస్ బంతితో ఆడితే మూడోరోజుకు ఎవరి వీపో కందిపోయి ఆట ఆగిపోతుంది. గుడ్డ బంతి కుట్టు. పాత మేజోడు తీసుకుని నూలు పేలికలు బత్తాయి అంత అయ్యేదాకా బిగించి కుక్కు. మూతి మెలితిప్పి, మిగిలిన మేజోడును బంతి మీదికే తిరగేసి, మళ్ళీ మెలితిప్పి తిరగెయ్యి. చివర దారంతో నాలుగు కుట్లు వెయ్యి. వదులుగా కుక్కితే వంకర పోతుంది. తడిస్తే బరువెక్కి రాయిలా తగులుతుంది, అందుకని రెండు చేసి ఉంచుకో. దూరం పోవాలని పెద్దవాళ్ళు లోపల గులకరాయి పెడతారు, ఆట మొదలెట్టేముందు నొక్కి చూడు.

గుడ్డ బంతికి రాళ్ళ దొంతరను పడగొట్టే బలం ఉండదు. విరిగిన పెంకుల అంచులు ఆదరాబాదరాగా పేర్చేటప్పుడు వేళ్ళు కోస్తాయి. వడ్రంగి దగ్గర మూడు నాలుగంగుళాల చెక్కముక్కలు ఏడు అడిగి తెచ్చుకుని, అంచులు గరుకు కాగితంతో రుద్దు. చిన్నవాళ్ళు ఎనిమిది అడుగుల నుంచి, పెద్దవాళ్ళు పన్నెండు అడుగుల నుంచి విసరాలి, ఒక్కొక్కరికి మూడు విసుర్లు. ముగ్గురు ముగ్గురుగా రెండు జట్లు చాలు. బంతి చేతిలో ఉన్నవాళ్ళు పరుగెత్తకూడదు, జట్టువాళ్ళకు అందించాలి. ఈ ఒక్క నియమం లేకపోతే పెద్దవాడు ఒక్కడే ఆడతాడు, మిగతా ఇద్దరూ చూస్తారు. కొట్టేది నడుము కిందనే. పేర్చేవాళ్ళు వంగి ఉంటారు గనక దొంతర చుట్టూ మూడడుగుల గుండ్రం గీసి, అందులో వంగినవాళ్ళని కొట్టకూడదని చెప్పు. తలకు దెబ్బ తగిలే భయం ఆ గుండ్రంలోనే.

తొక్కుడు బిళ్ళలో తప్పు ఆటలో లేదు, గడుల ముగ్గులు ఎన్ని గీశామన్నదాంట్లో ఉంది. ఒక్క ముగ్గే గీస్తే ఒకరు గెంతుతారు, అయిదుగురు చూస్తారు. మూడు గియ్యి, ఇద్దరికొకటి. ఆరేళ్ళవాళ్ళకు అడుగున్నర గడి సరిపోతుంది, పెద్దవాళ్ళకు రెండడుగులు. పార్కింగులోని నున్నటి గ్రానైటు మీద వద్దు, చెమట కాలితో జారతారు.

దాగుడుమూతలు ఆడితే నీ కళ్ళు నాలుగు కావాలి. కార్ల లోపల, కార్ల కింద, మోటారు గదిలో, మేడమీద, లిఫ్టులో దాక్కోకూడదు. ఈ అయిదూ పిల్లలచేతే చెప్పించు. తాళం వెయ్యని కారులో దూరి తలుపు పడిపోతే ఎండాకాలంలో నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. చిన్నవాళ్ళని జంటగా దాక్కోమను. ఆట అయిపోగానే తలలు లెక్కపెట్టు, మాటవరసకు కాదు, వేలితో చూపించి.

చెట్టుంటే ఎక్కుతామంటారు. తనంతట తాను ఎక్కలేని కొమ్మ మీద ఎవర్నీ ఎత్తి కూర్చోబెట్టకు. ఎక్కలేనివాళ్ళు దిగలేరు కూడా. జామ కొమ్మ వంగినా తొందరగా విరగదు. మునగ కొమ్మ బలంగా కనిపిస్తూనే పటుక్కున విరుగుతుంది, దాని జోలికి పోనివ్వకు. మామిడి ఎక్కేముందు ఆకులు కలిపి కుట్టిన ఎర్రచీమల గూళ్ళు ఉన్నాయేమో చూడు.

ఎండ ఎక్కువున్న రోజు నీళ్ళ పందెం పెట్టు. సగం బకెట్ నీళ్ళు ఒకవైపు, ఇరవై అడుగుల దూరంలో కుండీలు ఇంకోవైపు. అడుగున చిన్న చిల్లి పెట్టిన ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్ళు మోసి మొక్కకు పొయ్యాలి. చిల్లిని వేలితో మూయచ్చని చిన్నవాళ్ళు కనిపెట్టినప్పుడు వాళ్ళ మొహాలు చూడు! మట్టి నేల మీదే ఆడించు. అయిపోగానే బకెట్ బోర్లించు, చిన్నపిల్లలకు జానెడు నీళ్ళు కూడా ప్రమాదమే.

పేరు రాసిన అరలీటరు సీసా ఒక్కొక్కరి దగ్గర ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి ఆట ఆపి నాలుగు గుక్కలు తాగించు, దాహం అనేదాకా ఆగకు. గలగలలాడే పిల్ల ఉన్నట్టుండి మాట తగ్గించినా, తలనొప్పి, వాంతి అన్నా వెంటనే నీడలో పడుకోబెట్టి మెడకు, చంకల్లో తడిగుడ్డ పెట్టు. తెలివిలో ఉంటేనే గుక్క గుక్కగా నీళ్ళు. మాట తడబడితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యి. మోకాలు చీరుకుపోతే కుళాయి కింద సబ్బుతో కడుగు చాలు, కాఫీపొడి, పసుపు అద్దకు. ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వంచద్దు. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగం పది నిమిషాలు వదలకుండా పట్టుకో. వీధికుక్క పన్ను గీరినా పదిహేను నిమిషాలు పారే నీళ్ళలో సబ్బుతో కడిగి, ఆరోజే టీకాకు పంపించు.

తొండి అన్న మాట రోజూ వినిపిస్తుంది. ఎవరిది తప్పని తేల్చబోకు. 'తూచ్, ఆ బంతి మళ్ళీ' అను. ఒక్కసారి మళ్ళీ ఆడితే పోయేదాన్ని పది నిమిషాల పంచాయతీ చేస్తే మిగతా నలుగురు చల్లారిపోతారు. గెలుపోటముల లెక్క మర్నాటికి మొయ్యనివ్వకు, రోజూ జట్లు కొత్తగా వెయ్యి.

చివరి పది నిమిషాలు పరుగు వద్దు. గుండ్రంగా కూర్చోబెట్టి గుడుగుడు కుంచం ఆడించు. చెమట ఆరుతుంది, ఇంటికెళ్ళేటప్పుడు మెట్ల మీద పడరు. ఎవరి అమ్మకు వాళ్ళని అప్పగించేటప్పుడు గీరుకున్న మోకాలి సంగతి నువ్వే ముందు చెప్పు. సీసాలో నీళ్ళు ఎన్ని మిగిలాయో కూడా చూపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ