మాస్టర్ ప్లాన్ గీత మన ప్రహరీ మీద పడితే...

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విజయనగరం, గాజులరేగ వైపు. మా నాన్నగారు 1994లో కొన్న స్థలం 200 గజాలు. ముందు వైపు 36 అడుగులు, లోతు 50 అడుగులు. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అమ్మ, నేను, ఇద్దరు అక్కలు ఉన్నాం. పాత పెంకుటిల్లు తీసేసి కొత్తది కడదామని వెళ్తే, ఎదురుగా ఉన్న 30 అడుగుల రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగులని, మా స్థలంలో 15 అడుగులు పోతాయని ఎల్‌టీపీ (ఇంటి ప్లాన్లు గీసి పెట్టే లైసెన్సుదారు) చెప్పాడు. ఆ ముక్కని కార్పొరేషన్‌కి గిఫ్ట్ డీడ్ రాసిస్తేనే ప్లాన్ వస్తుందట. "సంతకం పెట్టేయండి, టీడీఆర్ బాండు (ఇచ్చిన స్థలానికి బదులుగా వచ్చే, అమ్ముకోగలిగే అదనపు నిర్మాణ హక్కు) తర్వాత వస్తుంది" అంటున్నాడు. మొన్న ఎవరో వచ్చి ప్రహరీ మీద ఎర్ర రంగుతో గీత కూడా గీసి వెళ్ళారు. పదేళ్ళలో రోడ్డు వెయ్యకపోతే ప్లాన్ దానంతటదే రద్దైపోతుందని పక్కింటాయన అంటున్నారు. మా స్థలం పోయినట్టేనా? డబ్బేమైనా వస్తుందా?

జవాబు: పోలేదు. ముందు ఆ మాట గట్టిగా పట్టుకోండి. మాస్టర్ ప్లాన్‌లో గీత పడినంత మాత్రాన భూమి చేతులు మారదు. ఇక్కడ రోడ్డు రావాలని ప్రభుత్వం అనుకుంటోందని మాత్రమే ఆ గీతకి అర్థం. రోడ్డు వచ్చే జాగాలో కొత్త కట్టడానికి అనుమతి ఇవ్వకుండా ఆపే బలం దానికి ఉంది. మీ దస్తావేజు మీద పేరు మార్చే బలం మాత్రం లేదు. అందుకు మీరు రాసివ్వాలి, లేదా వాళ్ళు చట్టప్రకారం సేకరించి డబ్బు కట్టాలి. ఆస్తి హక్కుని 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు గానీ, రాజ్యాంగం 300ఎ అధికరణ కింద అది ఇంకా ఉంది. దాని మీద సుప్రీంకోర్టు 2024 మే నెలలో కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో వివరంగా తీర్పు ఇచ్చింది. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణం చెప్పాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి... ఇలా ఏడు మెట్లు చెప్పింది. అందులో ఎర్ర రంగు డబ్బా లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ 15 అడుగులు ఎక్కడి నుంచి కొలిచారు? చాలామంది అడగరు, అక్కడే నష్టపోతారు. రోడ్డు వెడల్పు మధ్య గీత నుంచి కొలవాలి. మన వీధుల్లో తారు ఎప్పుడూ సరిగ్గా మధ్యలో ఉండదు. ఒకవైపు కాలువ, ఇంకోవైపు కరెంటు స్తంభాలు, ఎదుటి వరసలో ఎవరో ముందుకి జరిపి కట్టుకున్న మెట్లు. తారు మధ్యని రోడ్డు మధ్య అనుకుని టేపు పెడితే, ఆ తారు మీవైపుకి మూడు అడుగులు జరిగి ఉందనుకోండి, ఆ మూడు అడుగులూ మీకే తగులుతాయి. 36 అడుగుల ముఖానికి అది 108 చదరపుటడుగులు, అంటే 12 గజాలు. గాజులరేగలో 12 గజాలంటే ఇప్పుడెంతో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకో సంగతి. 1:10,000 స్కేలు పటం మీద ఒక మిల్లీమీటరు గీత అంటే నేల మీద పది మీటర్లు, దాదాపు 33 అడుగులు. మీ స్థలం ముఖం మొత్తానికి దగ్గర దగ్గర అంత. కంప్యూటరు తెర మీద గీత చూపించి "మీది పోతుందండీ" అంటే తలూపి వచ్చేయకండి. మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) మీద ఆ రోడ్డు ఎలైన్‌మెంటు దింపిన స్కెచ్, కొలతలతో, సంతకంతో కావాలని కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగాన్నీ, వీఎంఆర్‌డీఏనీ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ పాత లేఅవుట్ కాపీ పెట్టెలో ఎక్కడుందో ఈలోగా వెతకండి. 30 అడుగుల రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికో అందులోనే ఉంటుంది.

15 అడుగులే నిజమని తేలిందనుకుందాం. 540 చదరపుటడుగులు, 60 గజాలు. మీకు మిగిలేది 140. ఆ 60కి మూడు దారులున్నాయి.

మొదటిది గిఫ్ట్ డీడ్, బదులుగా టీడీఆర్ బాండు గానీ, సెట్‌బ్యాక్‌లలో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలో) సడలింపు గానీ. 2017 బిల్డింగ్ రూల్స్‌లో, అంటే జీవో 119లో, దీనికి వీలుంది. తప్పు దారేమీ కాదు. కానీ వరస తప్పితే తప్పే. మీ ఎల్‌టీపీ "తర్వాత వస్తుంది" అన్నాడే, ఆ "తర్వాత" దగ్గర ఇరుక్కున్న వాళ్ళని నేను చూశాను. రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ని వెనక్కి తీసుకోవడం మామూలుగా కుదరదు. ఆస్తి బదిలీ చట్టం 126 సెక్షన్‌లో చెప్పిన ఒకటి రెండు సందర్భాలే ఉన్నాయి. మీకు ఏమిస్తారో, ఏ నిష్పత్తిలో ఇస్తారో ప్లాన్ ప్రొసీడింగ్స్‌లో రాసి ఇచ్చాకే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కండి. బాండు నిష్పత్తులు జీవోలతో మారుతుంటాయి, పాత కాగితం చూసి లెక్కేసుకోవద్దు. బాండు బ్యాంకు డిపాజిట్ లాంటిది కాదు. అదనపు అంతస్తు కావాల్సిన బిల్డరు కొంటేనే దానికి విలువ. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి స్థలాలు కొనేవాళ్ళున్నారు గానీ, బాండ్లు కొనేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమందో విచారించుకుని దిగండి. ఒకే ఇల్లు కట్టుకునేవాళ్ళకి సెట్‌బ్యాక్ సడలింపే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

రెండోది డబ్బు. మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 146 సెక్షన్ కింద ఒప్పందం మీద కొనవచ్చు, 147 కింద సేకరించవచ్చు. సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం లెక్క: మార్కెట్ విలువ, ఆ ముక్క మీద ఉన్న కట్టడాల విలువ, ఈ రెండూ కలిపిన దాని మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము). మార్కెట్ విలువకి రిజిస్ట్రేషన్ విలువతో పాటు, చుట్టుపక్కల గత మూడేళ్ళ అమ్మకం దస్తావేజులూ చూస్తారు. కాబట్టి మీ వీధిలో ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్ల నకళ్ళు ఇప్పటినుంచే తీసి పెట్టుకోండి. చిక్కేమిటంటే, ఎప్పుడు సేకరిస్తారో మీ చేతుల్లో లేదు.

మూడోది, తొందరగా ఇల్లు కావాలి, గిఫ్ట్ ఇష్టం లేదు అనుకుంటే. 140 గజాల్లోనే ఇల్లు చూపించి, రోడ్డు జాగా ఖాళీగా వదిలేస్తున్నాం, హక్కు వదులుకోవడం లేదు అని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. తిరస్కరిస్తే తిరస్కరించినట్టు కాగితం తీసుకోండి. నోటిమాట మీద హైకోర్టులో రిట్ నిలవదు. లేఅవుట్ ఖాళీ జాగాని ఉచితంగా బదలాయించమని షరతు పెట్టడం చట్టం అనుమతిస్తే తప్ప చెల్లదని సుప్రీంకోర్టు చేత్‌రామ్ వశిష్ఠ్ కేసులో చెప్పింది. అది మీకు ఊతమే. కాకపోతే మన బిల్డింగ్ రూల్స్‌లో రోడ్డు జాగా అప్పగింత ప్రస్తావన ఉంది కాబట్టి ఎదుటివాళ్ళకీ మాట ఉంటుంది. ఖాయంగా గెలుస్తారని నేను చెప్పను.

మీ పక్కింటాయన మాట మహారాష్ట్రలో అయితే కొంత నిజం. అక్కడి చట్టం 127 సెక్షన్‌లో పదేళ్ళ గడువు, తర్వాత నోటీసు పద్ధతి ఉన్నాయి. అది అక్కడి చట్టం. దాన్ని నమ్ముకుని ఇక్కడ చేతులు ముడుచుకుని కూర్చోవద్దు.

మీరు అడగనిది ఒకటి ఉంది, నాకు అదే పెద్దదిగా కనిపిస్తోంది. స్థలం ఇంకా నాన్నగారి పేరునే ఉన్నట్టుంది. ఆయన సొంతంగా కొన్నది, వీలునామా లేదనుకుంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, ఇద్దరు అక్కలకి తలా నాలుగో వంతు. అక్కలకి పెళ్ళిళ్ళయినా అంతే. మీరొక్కరే గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెడితే వాళ్ళ వాటాలకి అది చెల్లదు, రేపు బాండు ఎవరి పేరున ఇవ్వాలన్న దగ్గర మళ్ళీ ఆగుతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, పంపకమో హక్కు విడుదల దస్తావేజో ముందు రిజిస్టరు చేయించుకోండి. స్థలం బ్యాంకు తాకట్టులో ఉంటే వాళ్ళ అనుమతి కూడా కావాలి.

ఇక ఆ ఎర్ర గీత. ప్రహరీ మీ పట్టా హద్దులో ఉన్నంతకాలం నోటీసు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. ఫోటో తీసి, తేదీ వేసి, ఎవరు గీశారో చెప్పమని కమిషనర్‌కి ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. నోటీసు వస్తే లోపలి కాగితంతో పాటు కవరు కూడా దాచండి. జవాబు గడువు లెక్క తేలాల్సి వస్తే దాని మీది తపాలా ముద్రే పనికొస్తుంది.