పుట్టినరోజు పాటల సభ గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రాక్ గాయకుల పుట్టినరోజులకు పాటలు వినిపించి, వచ్చినవారి చేత వారి జ్ఞాపకాలు చెప్పించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. నీ జాబితా చూశాక మాత్రం నిద్ర పట్టలేదు. నవంబరు 27న జిమీ హెండ్రిక్స్, డిసెంబరు 8న జిమ్ మారిసన్, జనవరి 19న జానిస్ జాప్లిన్. ముగ్గురూ 27 ఏళ్లకే పోయినవారు. చిన్న వయసులో చనిపోవడమే ఘనత అన్నట్టు ధ్వనించే మాట ఒక్కటి కూడా నీ వేదిక మీద వినిపించకూడదు. వినడానికి వచ్చిన పిల్లల్లో ఎవరి మనసు ఎలా ఉందో నీకేం తెలుసు?

హాలు ముందే మాట్లాడుకో. రాత్రి పదింటికల్లా మైకు కట్టేయించు. ఆర్కే బీచ్‌లో మాత్రం వద్దు, పాట ఊపులో ఎవరైనా నీళ్లలోకి దిగితే ఆ అలలు వెనక్కి రానివ్వవు.

ఇక డిసెంబరు 8 సంగతి. మా కుర్రతనంలో మహారాణిపేటలో ఒక మిత్రుడు తన డాబా మీద మారిసన్ పుట్టినరోజు జరిపి, పత్రికల్లో చదివిన విశేషాలన్నీ గంటసేపు ఏకరువు పెట్టాడు. 1980లో అదే తేదీన న్యూయార్కులో బీటిల్స్ బృందపు గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపారన్నది అతనికి తట్టనే లేదు. ఓడ ఇంజనీరుగా పనిచేసిన పెద్దమనిషి ఒకాయన, నడిసముద్రంలో రేడియోలో ఆ వార్త విన్న రాత్రి గురించి చెప్పబోతే, "శుభమా అని పుట్టినరోజు చేసుకుంటుంటే చావు కబుర్లెందుకండీ" అని అడ్డుపడ్డాడు. ఆయన మారు మాట్లాడకుండా, వినిపిద్దామని తెచ్చిన రికార్డును సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు, మళ్లీ మా సభలకు రాలేదు. పత్రికల్లోని సంగతులు మేమెప్పుడైనా చదువుకోగలం, ఆ ఓడలో ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పగలిగినవారు మాత్రం ఆయనొక్కరే. పిచ్చిదానా, నీ సభలో గొంతు వణికే మనిషిని ఎవరూ ఆపకుండా చూడు. చరిత్ర వల్లించేవారికి రెండు నిమిషాలు చాలు.

నా మాట వింటే సెప్టెంబరు 5న ఫ్రెడ్డీ మెర్క్యురీతో మొదలుపెట్టు. 1946లో జాంజిబార్‌లో పుట్టినా, మన దేశంలోని పాంచ్‌గనీ బడిలో చదువుతూ తోటి పిల్లలతో బ్యాండు కట్టినవాడు. ఆ రోజు మనకు గురుపూజోత్సవం కూడా కనుక, నీకు గిటారు నేర్పిన మాస్టారి చేతే మొదటి జ్ఞాపకం చెప్పించు. 1941 మే 24న పుట్టిన బాబ్ డిలన్‌నూ జాబితాలో చేర్చు. ఎనభై దాటాక కూడా కచేరీలు చేసిన మనిషి గురించి పిల్లలు వినాలి.

డబ్బు చాలకపోతే బయట అడగవద్దు, నాకు చెప్పు. మీ నాన్నకు నేను సర్దిచెబుతాను. సభ అయ్యాక ఒంటరిగా స్కూటీ మీద బయలుదేరకు, నేనే వచ్చి ఇంటి దగ్గర దింపుతాను.

మీ మామయ్య