యూరియా సేంద్రియమా, కాదా?

సందేహం: నమస్తే సార్. మాది కళ్యాణదుర్గం దిక్కు పల్లె. అనంతపురంలో బీఎస్సీ ఫస్టియర్ చదువుతున్నా, బోటనీ జువాలజీ కెమిస్ట్రీ గ్రూపు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోమాలిక్యూల్స్ మొదలుపెట్టినారు. క్లాసులో యూరియా ఆర్గానిక్ కాంపౌండ్ అని చెప్పినారు. ఇంట్లో మా నాయనేమో ఈ ఏడు యూరియా తగ్గించి సేంద్రియ ఎరువు వేస్తున్నాం అంటాడు. ఆర్గానిక్ అంటే సేంద్రియమే కదా సార్, మరి యూరియా సేంద్రియమా కాదా? సేంద్రియ, సేంద్రీయ అని రెండు రకాలుగా రాస్తున్నారు, ఏది కరెక్టు? ఇంకొకటి, కందిపప్పులో మాంసకృత్తులు ఉంటాయంటే మా అవ్వ ఒప్పుకోదు, పప్పులో మాంసమేందే అంటుంది. ఆమెకు ఏం చెప్పాల?

సమాధానం: చూడమ్మా, మీ లెక్చరర్ చెప్పిందీ నిజమే, మీ నాయన చెప్పిందీ నిజమే. ఆర్గానిక్ అనే ఇంగ్లీషు మాటను రెండు పనులకు వాడుతున్నారు, తెలుగులో ఆ రెండు పనులకూ విడివిడిగా మాటలున్నాయి, నువ్వు ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూసినావు కాబట్టి చిక్కు వచ్చింది. కెమిస్ట్రీలో ఆర్గానిక్ అంటే కర్బన, సేద్యంలో ఆర్గానిక్ అంటే సేంద్రియ. యూరియా కర్బన సమ్మేళనమే, కానీ బస్తాలో వచ్చే యూరియా సేంద్రియ ఎరువు కాదు. పరీక్షకైతే ఇంతే చాలు. కానీ ఈ రెండు మాటలు ఎందుకు విడిపోయినాయో తెలిస్తే నీకు ఆ కెమిస్ట్రీ పాఠం కూడా బాగా ఎక్కుతుంది, అందుకని కాస్త వివరంగా చెప్తా.

సేంద్రియ అంటే స, ఇంద్రియ కలిసిన మాట, ఇంద్రియాలతో కూడినది అని అర్థం. అకారానికి ఇకారం తగిలితే ఏకారం వస్తుంది, గుణసంధి. ఇదేమీ నిన్నామొన్నా టెక్స్ట్‌బుక్కుల కోసం పుట్టించిన మాట కాదమ్మా, చరక సంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది, "సేంద్రియం చేతనం ద్రవ్యం, నిరింద్రియమచేతనమ్" అని, అంటే ఇంద్రియాలున్న ద్రవ్యం ప్రాణమున్నది, లేనిది ప్రాణం లేనిది. ఇక యూరప్ సంగతి చూస్తే, 1800 దాటిన తొలి ఏళ్ళలో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ జీవుల నుంచి వచ్చే పదార్థాల కెమిస్ట్రీని ఆర్గానిక్ అన్నాడు. ఆర్గాన్ అంటే అవయవం, ఇంద్రియం. కాబట్టి మనవాళ్ళు ఆ మాటను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు సేంద్రియ అనడం చాలా సహజం, పాత పుస్తకాల్లో సేంద్రియ రసాయనం, నిరింద్రియ రసాయనం అనే పేర్లు నీకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎంత చక్కగా అతికిందో చూడు, రెండు దిక్కులా ఆలోచన ఒకటే, ప్రాణమున్నవాటి పదార్థం వేరు, రాయీ రప్పా పదార్థం వేరు అని.

ఆ ఆలోచనకే దెబ్బ తగిలింది, తగిలింది కూడా మీ నాయన తగ్గిస్తానంటున్న ఆ యూరియాతోనే. అప్పట్లో యూరియా అంటే మూత్రంలో దొరికే పదార్థం, జీవి ఒంట్లో ఉండే ఏదో ప్రాణశక్తి లేకుండా అట్లాంటివి తయారుకావని చాలామంది గట్టిగా నమ్మేవాళ్ళు. 1828లో జర్మనీ శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్ చేయబోతే యూరియా వచ్చింది. అమ్మోనియం సయనేట్ అప్పటి లెక్కలో నిరింద్రియమైన ఉప్పు. ఆయన బెర్జీలియస్‌కే జాబు రాసినాడు, మనిషిదో కుక్కదో మూత్రపిండం లేకుండానే నేను యూరియా చేయగలను అని. ఇక్కడ నీ పాఠానికి పనికొచ్చే ముక్క ఒకటుంది. అమ్మోనియం సయనేట్‌లోనూ యూరియాలోనూ పరమాణువులు ఒకటే, కార్బన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి, నైట్రోజన్ రెండు, హైడ్రోజన్ నాలుగు. ఒకదానికొకటి అతుక్కున్న తీరే వేరు. తల అనే మాటలో అక్షరాలు అటూ ఇటూ తిప్పితే లత అయినట్టు. దీన్నే తెలుగు మీడియంలో అణుసాదృశ్యం అంటారు, నీ ఇంగ్లీషు పుస్తకంలో ఐసోమెరిజం. ఆ ఒక్క ప్రయోగంతోనే పాత నమ్మకం మొత్తం పోలేదులే, 1845లో కోల్బే ఎసిటిక్ ఆసిడ్‌ను కూడా లాబ్‌లోనే చేసి చూపించినాడు, అట్లా ఒక్కొక్కటే కూడినాయి.

దాంతో ఏమైందంటే జీవి నుంచి వచ్చిందా లేదా అన్నది కెమిస్ట్రీలో గీత కాకుండా పోయింది, కార్బన్ ఉందా, ఎట్లా కట్టుకుని ఉంది అన్నదే గీత అయింది. కార్బన్‌కు నాలుగు బంధాలు కట్టే గుణం ఉంది, తనతో తనే గొలుసుగా ఎంత దూరమైనా పోగలదు, వలయంగా తిరగగలదు, అందుకే ఆ ఒక్క మూలకానికి ఒక శాస్త్రమే కావలసి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు పాత పేరు మార్చలేదు, ఇప్పటికీ ఆర్గానిక్ అనే అంటారు. తెలుగులో మార్చుకున్నాం, కర్బన రసాయన శాస్త్రం, అకర్బన రసాయన శాస్త్రం అన్నాం. నన్నడిగితే ఇది మన పాఠ్యపుస్తకాలు చేసిన మంచి పని, ఎందుకంటే ఈ పేరులోనే పాఠం మొదటి వాక్యం ఉంది. కార్బన్ డయాక్సైడ్, సున్నపురాయి లాంటివి కార్బన్ ఉన్నా అకర్బనం కిందనే పెడతారు, అది ఆచారంగా వచ్చింది, ఊరికే గుర్తుపెట్టుకో.

ఇప్పుడు మీ చేను దగ్గరికి రా. సేద్యంలో సేంద్రియ అనే మాట పాత అర్థంతోనే హాయిగా బతుకుతోంది. చేనికి తోలే పెంట, వేపపిండి, పచ్చిరొట్ట, ఇవన్నీ ఒక ప్రాణి నుంచో చెట్టు నుంచో వచ్చినవి కాబట్టి సేంద్రియం. యూరియా బస్తా ఫ్యాక్టరీలో అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిపి చేసింది, నూటికి 46 పాళ్ళు నత్రజని, 45 కిలోల బస్తాలో ఇరవై కిలోల పైచిలుకు నత్రజనే. మరి ఆవు పంచితంలో కూడా యూరియా ఉంది కదా సార్ అంటావు. ఉంది, ఆ అణువుకూ బస్తాలో అణువుకూ వెంట్రుకవాసి తేడా లేదు. అయినా పంచితం సేంద్రియమే, బస్తా కాదు, ఎందుకంటే సేంద్రియ అన్నది ఎక్కడ పుట్టిందో చెప్పే మాట, కర్బన అన్నది దేంతో కట్టిందో చెప్పే మాట. భూసార పరీక్ష చేయిస్తే ఇచ్చే కాగితం మీ ఇంట్లో ఉంటే తీసి చూడు, దాంట్లో సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటుంది, రెండు మాటలూ పక్కపక్కనే. నేలలో కార్బన్ సున్నపు పదార్థాల రూపంలోనూ ఉంటుంది, కుళ్ళిన ఆకూ అలమూ పెంటా రూపంలోనూ ఉంటుంది, ఆ రెండో రకాన్ని మాత్రమే లెక్కపెట్టినామని చెప్పడానికి కర్బనం ముందర సేంద్రియ అని పెట్టినారు. అది 0.5 శాతానికి తక్కువుంటే నేల బీదగా ఉందని లెక్క, మన అనంతపురం ఎర్రనేలల్లో చానా చోట్ల తక్కువే ఉంటుంది, మీ నాయన పెంట తోలడం అందుకే మంచిది.

స్పెల్లింగు సంగతి. సేంద్రియ అనేదే రైటు, ద్రి కి గుడే, గుడిదీర్ఘం వద్దు. కేంద్రీయ, జాతీయ, భారతీయ అని రాసి రాసి చెయ్యి అలవాటు పడి సేంద్రీయ అని పడుతోంది, కానీ కేంద్రీయలో ఈయ అనే ప్రత్యయం చేరింది, సేంద్రియలో ఏమీ చేరలేదు, ఇంద్రియం ఎట్లుందో అట్లే ఉంది. డౌటు వచ్చినప్పుడల్లా పంచేంద్రియాలు అని రాసి చూసుకో, అక్కడ ఎవరూ దీర్ఘం పెట్టరు. బోర్డుల మీదా బస్తాల మీదా సేంద్రీయ అని ఎన్నిసార్లు కనిపించినా నువ్వు మాత్రం పెట్టొద్దు.

మీ అవ్వ అడిగింది చాలా మంచి ప్రశ్న. ఆమెకు ఇట్లా చెప్పు, మాంసకృత్తు అంటే మాంసం ఉండేది కాదవ్వా, మాంసం చేసేది, ఒంట్లో కండ కట్టేది అని. కృత్ అంటే చేసేది లేదా చేసినవాడు, గ్రంథం రాసినవాడిని గ్రంథకృత్తు అన్నట్టే. విద్యుత్ తెలుగులో విద్యుత్తు అయినట్టు కృత్ కాస్తా కృత్తు అయింది, కాబట్టి త కింద ఒత్తు తప్పనిసరి. మాంసకృతులు అని రాస్తే అది కృతి అవుతుంది, త్యాగరాజ కృతుల వరసలో పోతుంది. ఇంగ్లీషులో ప్రోటీన్ అనే మాట 1838లో వచ్చింది, ముల్డర్ అనే డచ్చి శాస్త్రవేత్త వాడినాడు, పేరు సూచించింది మళ్ళీ మన బెర్జీలియస్సే, గ్రీకులో మొదటిది, ముఖ్యమైనది అనే అర్థం నుంచి. తెలుగులో ఆ అర్థాన్ని అనువాదం చేయకుండా అది చేసే పనిని పట్టి పేరు పెట్టినారు. తిండి గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ పేరే ఇష్టం, కందిపప్పుకూ చెనిక్కాయకూ గుడ్డుకూ చక్కగా సరిపోతుంది.

కానీ నీ బయోమాలిక్యూల్స్ పాఠంలో మాత్రం ప్రోటీన్ అనే రాయి, దానికి కారణం ఉంది. అక్కడ ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో వరసగా కట్టుకున్న గొలుసు, మామూలుగా 20 రకాల అమైనో ఆమ్లాలు. అట్లాంటి గొలుసులన్నీ కండ కట్టే పనే చేయవు. చేనిలో వేసిన యూరియాను విడగొట్టి అమ్మోనియా చేసే యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంది, నేలలో సూక్ష్మజీవుల్లో ఉంటుంది. అమెరికాలో సమ్నర్ 1926లో దాన్నే ఒక చిక్కుడు జాతి గింజల నుంచి స్ఫటికాలుగా తీసి, ఎంజైమ్ అంటే ప్రోటీనే అని చూపించినాడు, 1946లో దానికి నోబెల్ వచ్చింది. యూరియేజ్‌ను పట్టుకుని మాంసకృత్తు అంటే వినేవాళ్ళకు దారి తప్పుతుంది.

పిండిపదార్థం అనే మాటతోనూ ఇదే ఇబ్బంది. రాగి సంగటిలో స్టార్చ్‌ను పిండిపదార్థం అంటే బాగుంటుంది, గ్లూకోజ్ గొలుసే అది. ఆదోని మార్కెట్‌కు వచ్చే పత్తి కూడా దాదాపుగా గ్లూకోజ్ గొలుసే, సెల్యులోజ్, బంధం తీరు వేరు కాబట్టి మనకు అరగదు. పత్తిని పట్టుకుని పిండి అనలేం కదా, అందుకని స్టార్చ్, సెల్యులోజ్, చక్కెర అన్నిటినీ కలిపి చెప్పేటప్పుడు కార్బోహైడ్రేట్లు అని రాయి.

చివరగా, నువ్వు అడగకపోయినా ఒకటి. బయోమాలిక్యూల్స్‌ను తెలుగులో జీవాణువులు అంటారు, జీవ అణువులు అని విడదీసుకో, అణువు అంటే ఇక్కడ మాలిక్యూల్. యూట్యూబ్‌లో హిందీ పాఠాలు వినే అలవాటుంటే జాగ్రత్త, హిందీలో జీవాణు అంటే బ్యాక్టీరియా.