వెయ్యిమంది గ్రూపును మూసేస్తానంటున్న అమ్మాయికి

నల్లకుంట, హైదరాబాదు.

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు రాత్రి ఒంటిగంటకు పెట్టిన సందేశం పొద్దున లేచాక చూశాను. తొమ్మిదేళ్లుగా నడుపుతున్న పుస్తకాల వాట్సాప్ గ్రూపును ఆదివారం నాడు మూసేసి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు కూడా తీసేసి, కీప్యాడ్ ఫోను కొనుక్కుంటానని రాశావు. విసుగు పుట్టిందంటే నమ్ముతాను; ఇక ఫోను ముట్టనని అర్ధరాత్రి దాటాక ఫోనులోనే రాశావంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. అయితే మూసే ముందు నా మాట కాస్త విను.

నిన్ను అలసిపోయేలా చేసింది మనుషులా, లేక వాళ్ల కబుర్లన్నీ నీ ముందు కుమ్మరించే పద్ధతా అన్నది ముందు తేల్చుకో. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో న్యూస్ ఫీడ్ రాక ముందు, ఎవరి సంగతి తెలియాలన్నా వాళ్ల పేజీకి మనమే వెళ్లాల్సి వచ్చేది. ఒకరింటికి వెళ్లి కుశలమడిగి వచ్చినట్టుండేది. ఆ తరవాత అందరి సంగతులూ మన గుమ్మంలోకే వచ్చి పడటం మొదలైంది. 2009లో లైకు మీట వచ్చి వాటికి మార్కులు వేయడం నేర్పింది. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్దిరోజులకే రీల్స్ వచ్చాయి. వాటితో, మనకు తెలిసినవాళ్లు అన్న షరతు కూడా పోయి, ఎవరు మన చూపును ఎక్కువసేపు పట్టి ఉంచగలిగితే వాళ్లే ముందుకు రావడం మొదలైంది. ఈ తతంగానికి అలసిపోవడంలో నీ లోపమేమీ లేదు.

నీ గ్రూపు సంగతి మాత్రం వేరు. 256 మంది పట్టే వాట్సాప్ గ్రూపును 2022లో ముందు 512కు, ఆ ఏడాదిలోనే మళ్లీ 1,024కు పెంచారు. చోటు పెరిగింది కదా అని నువ్వూ తలుపులు బార్లా తెరిచేశావు. కిందటి నెల ఒకాయన తాను చదువుతున్న కథలో ‘ఇగురం’ అనే మాట తగిలిందని, కూర ఇగురుకు దీనికి సంబంధం ఉందా అని అడిగాడు. నేను కూర్చుని లెక్కపెట్టాను: సాయంత్రానికి ఆ ప్రశ్న కింద అరవై మూడు సందేశాలు చేరాయి, వాటిలో గులాబీలు, దీపాలు, శుభోదయాలు, ఒక ఫ్లాటు అమ్మకం ప్రకటన ఉన్నాయి కాని, జవాబు ఒక్కటీ లేదు. ముప్పై మంది ఉన్న రోజుల్లో, తెలివిగా పని చక్కబెట్టే నేర్పును తెలంగాణలో ఇగురం అంటారని పది నిమిషాల్లో ఎవరో ఒకరు చెప్పేవారు.

కాబట్టి గ్రూపును ఒక్కసారిగా మూయవద్దు. ఈ ఆరు నెలల్లో ఒక పుస్తకం గురించి ఒక్క వాక్యమైనా సొంతంగా రాసినవాళ్లెవరో చూసి, వాళ్లను అడిగి, వేరే చిన్న గ్రూపు పెట్టు. పాతదాన్ని అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, నెలకొక ప్రకటనకు ఉంచు. కొత్తదానికి నువ్వొక్కతివే కాపలా కాయకు. నెలకొకరు వంతులవారీగా చూసుకోవాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మళ్లీ నాకు ఒంటిగంట సందేశమే వస్తుంది.

పాత సంభాషణలను ఎక్స్‌పోర్ట్ చేసి దాచు. ఇది నా అనుభవం మీద చెబుతున్నాను. ఫేస్‌బుక్‌లాంటిదే అయిన ఆర్కుట్‌ను మూసేస్తున్నామని గూగుల్‌వాళ్లు 2014 జూన్ 30న చెప్పి, సెప్టెంబరు 30న మూశారు. ఫొటోలు దించుకోవడానికి మరో రెండేళ్లు గడువు కూడా ఇచ్చారు. రేపు చూద్దాంలే అనుకుంటూ ఆ రెండేళ్లూ గడిపేశాను. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య మేము తీసుకున్న ఫొటోలన్నీ పోయాయి. అందులో మీ నాన్న గొడుగు కింద బేరమాడుతున్న ఫొటో కూడా ఉంది.

సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని చూడు. నిజాం పాలనలో, 1901లో పెట్టిన గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. పదేళ్లు నడిచిన ఆర్కుట్ లేదు. అక్కడ తలుపు తీసేవాళ్లు, పుస్తకాల లెక్క రాసేవాళ్లు తరం తరవాత తరం దొరికారు. 2016లో వచ్చిన మాస్టొడాన్ అనే సోషల్ మీడియా లాంటి చోట్ల ఎవరి సర్వరు వాళ్లే నడుపుకోవచ్చంటారు, మంచిదే. అక్కడైనా ఎవరో ఒకరు బిల్లు కట్టాలి, తగవులు తీర్చాలి. రాబోయే కాలంలో పెద్ద వేదికలు ఎగ్జిబిషన్ మైదానంలా తిరిగి చూసి రావడానికి మిగులుతాయని, మనసు విప్పి మాట్లాడుకోవడం మాత్రం ఇలాంటి చిన్న గదుల్లోకి మారుతుందని నా అంచనా.

కీప్యాడ్ ఫోను ఆలోచన మానుకో. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేయలేక వారంలో పాతదే తీస్తావు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లను ఫోనులోంచి తీసేసి, చూడాలనిపిస్తే సాయంత్రం కంప్యూటరులో చూడు. రాత్రి ఫోను వంటింట్లో ఛార్జింగుకు పెట్టు.

ఆదివారం పది గంటలకు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరికి సభ్యుల జాబితా పట్టుకుని రా. కూర్చుని ఒక్కో పేరుకు టిక్కు పెడదాం. నా పేరు దగ్గర మొహమాటపడకు; ఆ అరవై మూడింటిలో ఒక గులాబీ నాదే.

ఇట్లు,
మీ పెదనాన్న