తొమ్మిది డైవ్‌లకు దక్షిణ మాల్దీవులు ఎందుకండీ?

ప్రశ్న: మాది కావలి. వయసు 33, రోజూ రైల్లో ఒంగోలు వెళ్లి ఉద్యోగం చేస్తాను. నెలకు 18 వేలు మిగులుతాయి. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. నాన్న రొయ్యల చెరువు కోసం నా భార్య నగల మీద తెచ్చిన 3 లక్షల గోల్డ్ లోన్ ఇంకా తీరలేదు. అండమాన్ హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ తొలి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సు చేశాను, ఇప్పటికి తొమ్మిది డైవ్‌లు అయ్యాయి. ఫిబ్రవరిలో నేను, మా బావమరిది లైవ్‌అబోర్డ్ ట్రిప్ (పడవ మీదే ఉంటూ డైవ్‌లు చేసేది) వేద్దామనుకుంటున్నాం. ఏజెంటు మూడు రూట్లు చెప్పాడు. దక్షిణ మాల్దీవులు ఏడు రాత్రులు, తగ్గింపు పోను మనిషికి 2200 డాలర్లు. మధ్య మాల్దీవులు ఏడు రాత్రులు 1800 డాలర్లు. థాయ్‌లాండ్‌లో సిమిలన్ నాలుగు రాత్రులు 28 వేల బాత్. నాకు దక్షిణ మాల్దీవులే నచ్చింది. ఎఫ్‌డీ తీయమంటారా, 3 లక్షలు పర్సనల్ లోన్ పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. ట్రిప్పే వద్దనడం లేదులెండి, రూట్ మార్చుకోమంటున్నాను.

ముందే చెప్పేస్తున్నా, నేను డైవర్‌ని కాదు. హేవ్‌లాక్‌లో ఒక్కసారి దిగి, చెవులు నొప్పెట్టి, పది నిమిషాల్లో పైకొచ్చేసిన బాపతు. కానీ ఈ ట్రిప్‌ల లెక్కలు కొన్ని చూశాను. మా క్లయింట్ ఒకాయన మీలాగే కొద్ది డైవ్‌లతో మాల్దీవుల పడవ ఎక్కాడు. మొదటి రోజు చెక్ డైవ్‌లో (ఎవరికెంత వచ్చో చూసే డైవ్) ఆయన తంటాలు చూసిన గైడు, ఆ తర్వాత ప్రవాహం గట్టిగా ఉన్న చోటల్లా పైనే ఉండిపొమ్మన్నాడట. 'అంత డబ్బు పోసి పడవ మీద కూర్చుని ట్యూనా కూర తిన్నాను సార్' అన్నాడు తిరిగొచ్చి. ఆ ట్యూనా కూర ఖరీదు మీ లెక్కలో ఎంత పడుతుందో చూద్దాం.

డాలర్ 90 రూపాయలనుకోండి. పడవకే 1,98,000. గ్రీన్ ట్యాక్స్ మనిషికి రోజుకు 12 డాలర్లు, ఏడు రోజులకు ఏడున్నర వేలు. చెన్నై నుంచి మాలే రానూపోనూ ఒక 26 వేలు. అక్కడి నుంచి దక్షిణాన గాన్‌కి లోపలి విమానం, రానూపోనూ 24 వేలు అనుకుందాం. సామాను అద్దె, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి), సిబ్బందికి టిప్పులు కలిపి 30 వేలు. మొత్తం 2.86 లక్షలు. ఏడు రాత్రుల్లో 17 డైవ్‌లు చేస్తే ఒక్కోటి దాదాపు 16,800. గైడు పది డైవ్‌లకే ఒప్పుకుంటే 28,600. మీ ఏజెంటు చూపించిన తగ్గింపు ఇక్కడే హరించుకుపోయింది.

గైడు ఎందుకు ఆపుతాడంటే, ఆ రూట్ అలాంటిది. మాల్దీవుల్లో అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు దిబ్బల వరుస) అంచులో నీళ్లు పారే సందుని కందు అంటారు. సముద్రం లోపలికీ బయటికీ ఆ సందులోంచే తోసుకొస్తుంది, షార్కులు కాచుకునేదీ అక్కడే. దక్షిణాన హువధూ అటోల్‌కి పేరు తెచ్చినవి ఈ కందులే, ఫువాములా దీవి దగ్గరైతే టైగర్ షార్కులు. దోనీ మీద నుంచి నీళ్లలో పడగానే, పైన తేలకుండా నేరుగా కిందికి దిగిపోవాలి (దోనీ అంటే మన మహీ కాదు, మన దోనె లాంటి మాటే, పెద్ద పడవ వెంట వచ్చే డైవింగ్ పడవ). ఆ ప్రవాహంలో రాయికి కొక్కెం తగిలించుకుని గాలికి జెండాలా వేలాడాలి. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్ల వరకే, ఈ చోట్లు చాలావరకు 30 మీటర్ల లోతున ఉంటాయి. అందుకే ఇటు వెళ్లే పడవలు చాలావరకు అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్టూ, 50 దాకా డైవ్‌లూ అడుగుతాయి. మీ లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) చూపించమని ఏజెంటు అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నన్నడిగితే ముందు దాని గురించే అనుమానపడాలి.

మధ్య మాల్దీవులు కాస్త నయం, లోపలి విమానం ఖర్చుండదు. అయినా 2.25 లక్షలు దాటుతుంది, అక్కడా కందులు తప్పవు. మధ్యలో ఉంది కదా అని అదే ఖాయం చేసుకోకండి.

సిమిలన్ సంగతి వేరు. ఖావో లాక్ నుంచి బయల్దేరి సిమిలన్, కో బాన్, కో తాచాయ్, రిచెలూ రాక్ వరకు వెళ్లొస్తారు. ఓపెన్ వాటర్ వాళ్లను ఎక్కించుకునే పడవలు ఇక్కడ బాగానే ఉన్నాయి, కొన్నిటిలో అడ్వాన్స్‌డ్ కోర్సు పడవ మీదే చేయిస్తారు. రిచెలూ దగ్గర ప్రవాహం ఉండే రోజులుంటాయి, అయినా అది కందు కాదు. పార్కు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు, ఫిబ్రవరి మంచి సీజనే. బాత్ 2.80 లెక్కన పడవకు 78 వేలు, ఫుకెట్ విమానం 26 వేలు, పార్కు ఫీజు, సామాను అద్దె, టిప్పులు 14 వేలు, ముందొక రాత్రి వెనకొక రాత్రి గదికి 7 వేలు, ఇన్సూరెన్స్ 5 వేలు. మొత్తం 1.30 లక్షలు. 14 డైవ్‌లు చేస్తే ఒక్కోటి 9,300, అదీ అన్నీ నిజంగా చేయగలిగినవి.

వెనకొక రాత్రి దండగ అనుకోకండి. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, 24 అయితే ఇంకా మంచిది.

ఇక డబ్బు సంగతి. 14 శాతం వడ్డీకి 3 లక్షలు రెండేళ్లకు తీసుకుంటే నెలకు 14,400 ఈఎంఐ, వడ్డీయే 45 వేల పైన. మిగిలే 18 వేలల్లో అది పోతే, చెరువులో వైట్ స్పాట్ తెగులు పడిన రోజున మీ చేతిలో ఏముంటుంది? పట్టుబడి అయ్యి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి రేటు కట్టి, డబ్బు చేతికొచ్చే దాకా రొయ్యల డబ్బుని లెక్కలోకి తీసుకోకూడదని మీకు నేను చెప్పక్కర్లేదు. చెరువుకు గాలి అందించే ఏరేటర్ లాంటిది మీ ఇంట్లో ఆ 4 లక్షల ఎఫ్‌డీయే. దాన్ని ఆపకండి.

ఈ నెల నుంచి 9 వేలు ఆర్‌డీ కట్టండి. 14 నెలలకు వడ్డీతో కలిపి 1.31 లక్షలు అవుతుంది, అంటే ఈ ఫిబ్రవరి కాదు, పై ఫిబ్రవరి. మిగతా 9 వేలల్లో 6 వేలు గోల్డ్ లోన్ అసలుకి కట్టండి, ఆవిడ నగలు ఆవిడ మెడలోకి వచ్చాకే మీకూ నిద్ర పడుతుంది. 3 వేలు పక్కన పెట్టి, ఈలోగా పుదుచ్చేరిలోనో హేవ్‌లాక్‌లోనో నాలుగు డైవ్‌లు పెంచుకోండి.

కట్టేటప్పుడు జాగ్రత్త. మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు విదేశీ కరెన్సీకి మూడున్నర శాతం మార్కప్ (అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ వేస్తాయి, మార్కప్ లేని కార్డులున్నాయి చూసుకోండి. ఇక్కడి ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటాడు, రిటర్న్ వేసేటప్పుడు అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, రసీదు పారేయకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబాకి ఎన్ని మీటర్ల దాకా కవర్ ఉందో చదవండి, మామూలు పాలసీలు చాలావాటిలో అసలుండదు. డైవర్ల కోసమే ఉన్న డాన్ లాంటి సంస్థల పాలసీ అయితే రీకంప్రెషన్ చాంబర్ (డైవింగ్‌లో వచ్చే జబ్బుకు ఒత్తిడి గదిలో చేసే చికిత్స) ఖర్చు కూడా చూస్తుంది.

బావమరిదితో మాత్రం ఇవాళే మాట్లాడండి. క్యాబిన్ ఇద్దరికి కలిపి ఇస్తారు, ఆఖర్లో ఆయన రానంటే రెండో పడక డబ్బు కూడా మీ నెత్తినే పడొచ్చు. అడ్వాన్సు ఎవరిది వాళ్లే, ఎవరి పేరు మీద వాళ్లే కట్టుకోండి. ఈలోగా ఏదో ఒకటి కొనాలని చెయ్యి దురద పెడితే ముఖానికి సరిగ్గా సరిపోయే మాస్క్ ఒకటి కొనుక్కోండి. రెగ్యులేటర్ (గాలి పీల్చుకునేది), బీసీడీ (తేలడాన్ని అదుపు చేసే జాకెట్టు) జోలికి ఇప్పుడే పోకండి, అవి అద్దెకు తీసుకుంటే చాలు.